నిన్న రాత్రి ఏం తిన్నారు?

మా అక్క ఆరోగ్య పాఠాల టీచరు. బస్సుల్లో నాలుగు ఊళ్ళ బడులకు తిరిగి, చేతులెలా కడుక్కోవాలో, పప్పూ ఆకుకూరా గుడ్డూ పండూ ఎందుకు తినాలో చెబుతుంది. ఇరవై రెండేళ్ళుగా చెప్పీ చెప్పీ గొంతు బొంగురుపోయింది, మోకాళ్ళు అరిగిపోయాయి. ఇక మానెయ్యమని పోరుతూనే ఉన్నాను. నా మాట వింటే ఆమె మా అక్క ఎందుకవుతుంది?

ఏటా ఒకసారి, నిన్న రాత్రి ఏం తిన్నారో పిల్లల చేత రాయించి ఆ కాగితాలు ఆఫీసుకు పంపాలి. తిండి చాలని ఊరైతే, సాయంత్రం బడి వదిలేముందు పిల్లలకు పిండి పొట్లాలిస్తారు. ఈసారి చివరి ఊళ్ళో అక్క ఓపిక లేక, పాఠం అవగానే అదే గంటలో కాగితాలు పంచేసింది. గోడ మీది తిండి బొమ్మల పటమైనా తియ్యలేదు. పిల్లలు పరీక్ష అనుకున్నారు. పప్పు, ఆకుకూర, గుడ్డు, పండు అని ముప్పైమందీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిచ్చారు. మా మహాతల్లి చూడకుండానే కట్ట కట్టి పంపేసింది.

నెల తిరక్కుండా ఆ ఊరికి పొట్లాలు ఆగిపోయాయి. అక్క ఆఫీసుకు పరుగెత్తింది.

"మీ పిల్లలే కదమ్మా రాసింది," అన్నాడు ఆఫీసరు. "శుక్రవారంలోగా మళ్ళీ రాయించి తీసుకురండి. లేదంటే వచ్చే ఏడాదే."

మర్నాడు అక్క పటం చుట్టేసి, నిజమే రాయండి, దీనికి మార్కులుండవని చెప్పింది. ఒక్కరూ పెన్సిల్ కదపలేదు. చివరికి ముందు బల్ల మీది పిల్ల లేచింది.

"ఇంట్లో సంగతులు బయట చెప్పొద్దంది టీచర్, మా అమ్మ."

ఆ సాయంత్రం ఇంటికొచ్చి అక్క ఇదంతా చెబుతుంటే, "మరి నువ్వేమన్నావక్కా?" అని అడిగాను.

"మా అమ్మ కూడా అలాగే అనేదన్నానే. రాత్రిపూట మనిద్దరికీ మంచినీళ్ళు తాగించి పడుకోబెట్టేది కదా. ఎవరడిగినా కడుపునిండా తిన్నామని చెప్పమనేది కదా. అదంతా చెప్పేశాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. అమ్మ పోయి పదేళ్ళయినా ఆ మాట నేను కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు. ఊరి పిల్లలందరి ముందూ అమ్మ పరువు తీస్తుందా? నాలుగు దులిపేద్దామని నోరు తెరిచాను. అక్క చెప్పులు విప్పే ఓపిక కూడా లేక గుమ్మంలోనే కూలబడి ఉంది.

"పందొమ్మిది మంది రాశారే," అంది. "ఏమీ తినలేదని. రేపు ఆఫీసులో ఇచ్చొస్తాను."