తన్నితేనే ఊడే గ్రిల్

ధర్మవరంలో మగ్గాలున్న ఒకాయన, మా నాయన వెల్డింగ్ షాపులో నేను చేసిచ్చిన ఇనుప స్టాండు వంకరగా ఉందన్నాడు. నా పనిని ఎవరైనా ఒక మాట అంటే నాకు ఒళ్లు తెలియదు. ఆయన్ను చెంప మీద కొట్టి సబ్‌జైలుకు పోయాను. ఏ ఊరి జైలో మాత్రం చెప్పను.

మూడో రోజు పొద్దున స్నానం చేసి తువ్వాలు కిటికీ గ్రిల్ మీద ఆరేశాను. కొంచెం లాగి సర్దానంతే, పై అతుకులు ఊడి గ్రిల్ నా మీదికి వాలింది. కేకేస్తే వార్డరు పరుగెత్తుకొచ్చాడు.

"వదలొద్దప్పా! అట్లే పట్టుకో! ఎవురూ బయటికి పోకుండా చూసుకో!" అని జైలర్ కోసం పరుగెత్తాడు. అరగంట సేపు నా జైలుకు నేనే కాపలా కాశాను.

జైలర్ వస్తూనే, "ఖైదీ చేసిన నష్టం ఖైదీనే కట్టాల" అన్నాడు.

"ఇది మా షాపు గ్రిల్ సార్. పదేండ్ల గ్యారంటీ ఉండాది. మా నాయన ఊరికే చేసిస్తాడు" అన్నాను, గ్రిల్ వదలకుండానే.

కాగితం మీద ఏమని రాయాలో తెలియక జైలర్ జుట్టు పీక్కున్నాడు. ఖైదీ కట్టినా, గ్యారంటీలో చేసినా, రెండు జేబులూ మా నాయన చొక్కావే. నా భయమల్లా ఒక్కటే. 'తన్ని ఊడగొట్టాడు' అని కాగితం మీద పడితే మరుసటి రోజు రావలసిన బెయిల్ రాదు.

నాయన హిందూపురం నుంచి వెల్డింగ్ మెషీన్ ఆటోలో వేసుకుని వచ్చాడు. అతుకును గోరుతో గీకి చాలాసేపు చూశాడు.

"అతుకు గట్టిగానే ఉండాది సార్. వీడే తన్నింటాడు. వీని దగ్గరే కట్టించుకోండి."

నేను లోపలి నుంచి అరిచాను. "తువ్వాలు ఆరేస్తే ఊడింది నాయనా!"

"తువ్వాలుకు ఊడే గ్రిల్లు నా షాపులో చెయ్యరు."

చిక్కు తీరిపోయిందని జైలర్ సంతోషంగా రాసుకున్నాడు.

నాయన బయట నిలబడి అతికాడు, నేను లోపలి నుంచి పట్టుకున్నాను. "కండ్లు మూసుకో" అన్నాడు, రోజూ షాపులో అన్నట్టే. నిప్పురవ్వలకు భయపడి జైలర్ దూరంగా పోయాక గొంతు తగ్గించాడు.

"ఈ పై అతుకులు ఎవురు వేసిందో గుర్తుండాదా?"

గుర్తొచ్చింది. కదిరి తేరు తిరుణాలకు పోయే తొందరలో, పూర్తిగా అతక్కుండా నాలుగు చుక్కలు అంటించి, పైన రంగు పూసేసింది నేనే.

"తన్నినోడు నాలుగు దినాలకు బయటికొస్తాడు. పని రానోడని పేరు పడితే, నేను పొయినాక నీకు ఎవురు పనిస్తారు?"

బెయిల్ రాలేదు. ఇంకో రెండు వారాలు అక్కడే ఉండి, రోజూ ఆ గ్రిల్ మీదే తువ్వాలు ఆరేశాను. బయటికొచ్చిన రోజు షాపు నుంచి వంకర తేల్చే రసమట్టం తీసుకుని, పెనుకొండ మీదుగా బస్సులో నేరుగా ధర్మవరం పోయాను. ఆ మగ్గాలాయన నన్ను చూసి తలుపు చాటుకు పోయాడు. స్టాండు మీద రసమట్టం పెట్టి చూశాను.

వంకరగానే ఉంది.