ఎండిన బావిలో ఊట

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఎండాకాలంలో నన్ను జమ్మలమడుగు ఆబ్కారీ స్టేషనుకు ఎస్సైగా వేశారు. మా శాఖలో ఊట అంటే నీటి ఊట కాదు. బెల్లం, తుమ్మచెక్క నానేసి పులియబెట్టిన సరుకు. దాన్ని బట్టీ ఎక్కిస్తే నాటుసారా. ఊట దొరికితే శాంపిలు సీసాలో పట్టి సీలువేసి, మిగతాది సాక్షులుగా పిలిచిన మధ్యవర్తుల ముందు పారబోయాలి.

ఒకరోజు కానిస్టేబుల్ మస్తాన్ టీ తాగి వచ్చి, పులివెందుల దారిలో ఓబులేసు అనే రైతు ఎండిన బావిలో ఊట పడిందట, ఊరంతా తిరునాళ్లలా ఉందట అని చెప్పాడు. అతను చెప్పింది నీళ్ల సంగతే. నావి ఆబ్కారీ చెవులు. జీపు తీయమన్నాను.

మిట్టమధ్యాహ్నం. ఆకు కదలడం లేదు. బావి గట్టుకు పసుపు రాసి టెంకాయ కొట్టారు. ఓబులేసు గొర్రెలమ్మి చీనీ తోట, అంటే బత్తాయి తోట, పెట్టినవాడు. చెట్లు కళ్లముందే ఎండిపోతున్నాయి. నడుముకు మోకు కట్టుకుని బావిలోకి దిగబోతున్నాడు.

“వినండి సారూ, గంగమ్మ మాట్లాడతాంది,” అన్నాడు.

విన్నాను. అడుగు నుంచి చాలామంది గుసగుసలాడుతున్నట్టు సన్నని చప్పుడు, ఆగకుండా. వంగి చూస్తే పావురాలు రెక్కలు చాపి పడి ఉన్నాయి. ఒక్కటీ కదల్లేదు.

ఓబులేసును ఆపి, లాంతరును తాడుతో దించమన్నాను. సగం లోతులో, ఎవరో ఊదినట్టు ఆరిపోయింది. మళ్లీ వెలిగించాం. మళ్లీ అక్కడే ఆరింది. జనం దండాలు పెడుతూ వెనక్కి జరిగారు. ఊట పులిసేటప్పుడు వచ్చే వాయువు గాలికన్నా బరువు. గుంతలో పేరుకుంటే దీపాన్నీ మనిషినీ ఒకేలా ఆర్పుతుంది. అది తెలిసిన నేను కూడా రెండడుగులు వెనక్కి వేశాను.

బోరుబండి కంప్రెసరు తెప్పించి గాలి కొట్టించాం. లాంతరు అడుగుదాకా వెలిగాకే మనుషులను దించాను. బావి పక్కగోడ సొరంగంలో బుసబుస పొంగుతున్న ఊట డ్రమ్ములు దొరికాయి. పైకి వినిపించిన గుసగుస వాటిదే. దాచినవాళ్లెవరో తేలలేదు గాని, ఓబులేసు కాడని గట్టుకు రాసిన ఆ పసుపే చెప్పింది. శాంపిలు తీసి, డ్రమ్ములు పైకి లాగి, ఉన్నదంతా పారబోయించాం. నురగ కక్కుతూ ఎండిన పాదుల్లోకి పారింది. బావిలో చప్పుడు ఆగిపోయింది.

ఓబులేసు గట్టుకు చెవి ఆనించి చాలాసేపు విన్నాడు.

“యాడికి పోయింది సారూ? ఇంతసేపూ ఈడనే ఉన్నింది గదా,” అన్నాడు.

దిగి ఉంటే ప్రాణం పోయేదని చెప్పాను. ఆయన చెట్లకేసి చూశాడు.

తరువాత స్టేషనుకు వచ్చిన కొత్తవాళ్లందరికీ ఇదే చెప్పేవాణ్ణి: దీపం ఆరిన బావిలోకి మనిషిని దించకండి. ఊట పడిందని ఎవరన్నా అంటే, వాళ్లు ఏ ఊట కోసం ఎదురుచూస్తున్నారో ముందు అడగండి.