సంచిలో ఇటుకలు

హుషారు అప్పటికే పనిలో పడ్డాడు. చేతిలో ఉన్నది అతని అప్పు దరఖాస్తును మోసుకొచ్చిన ఫైనాన్సు ఆఫీసరు సంచి. దుకాణం మెట్టెక్కుతుండగానే దాని పట్టీ పుటుక్కుమంది. ఆయన కాగితాలు ఏరుకునేలోపే హుషారు సంచి లాగేసుకున్నాడు.

"కూర్చోండి సార్, కుడుతూనే మాట్లాడతా!"

సంచులు కుట్టే ఇతనికి హుషారు అన్న పేరు వీధి పెట్టింది. నిద్ర లేచింది మొదలు కాలు నిలవదు, నోరు మూతపడదు. ఇవాళైతే మరీను. అద్దె మిషను ఓనరు నెలాఖరుకి దాన్ని పట్టుకుపోతానన్నాడు. అప్పు పుట్టకపోతే దుకాణానికి తాళమే.

"రెండు మిషన్లకి రాయండి సార్! ఒకటి నాకు, ఒకటి మా ఆవిడకి. బళ్ళు తెరిచే రోజుల్లో జనం సంచులకి ఎగబడతారు. ఏడాది తిరిగేసరికి పక్క గది కూడా మాదే!"

"మరి బళ్ళు మూసినప్పుడు?"

"అప్పుడూ వస్తారు సార్! ఎందుకు రారు?"

ఆఫీసరు దరఖాస్తు తిరగేశాడు. కలం మూత మాత్రం తీయలేదు. గుమ్మం దగ్గర పాత సంచులకు జిప్పులు మారుస్తున్న భార్య అది చూసింది.

హుషారు పట్టీ కొసను చదరంగా కుట్టి, మధ్యలో ఇంటూ గుర్తు వేసి, దారం కొరికాడు. బల్ల కింది నుంచి ఇటుకలు తీసి సంచిలో పడేసి, దూలానికున్న కొక్కేనికి వేలాడదీశాడు.

"నా సంచిలో ఇటుకలేంటయ్యా!"

"రేపు బస్సులో ఎవడైనా పట్టుకు వేలాడితేనో? మోసేదానికి రెండింతలు మోస్తేగానీ గడప దాటనివ్వను సార్."

భార్య తలెత్తింది. "సంచికైతే ఇటుకలేసి చూస్తావు. అప్పుకి మాత్రం దూది వేసి చూస్తున్నావే!"

ఆఫీసరు ఫక్కున నవ్వాడు. హుషారు నవ్వలేదు. ఊగుతున్న సంచినే చూస్తూ ఉండిపోయాడు. పోయిన సెలవుల్లో మిషను మీద గుడ్డ కప్పే ఉంది. ఇల్లు నడిచింది ఈవిడ జిప్పుల మీదే. ఆ రోజుల్లో రెండు మిషన్ల కిస్తీ అంటే పట్టీ తెగిపోవడమే. ఒక్కదానికైతే, ఒక్క సంచీ అమ్ముడుపోకపోయినా జిప్పుల డబ్బే ఆదుకుంటుంది. కానీ ఆ మాట పైకంటే, బేరం లేని దుకాణమని ఈయన లేచిపోతే?

అయినా అనేశాడు.

"సార్, సెలవుల్లో నిజంగానే ఎవరూ రారు. ఒక్క మిషనుకే రాయండి. దానికైతే జిప్పుల మీద కట్టేస్తాం."

ఆఫీసరు కలం మూత తీశాడు.

"రెండంటే వద్దనే రాద్దామనుకున్నా. నా దగ్గర కిస్తీలు ఆగిపోయినవాళ్ళలో దొంగలు తక్కువయ్యా, హుషారు మనుషులే ఎక్కువ. మంచి నెల ఒక్కటే చూసుకుని అప్పు చేస్తారు. చెడ్డ నెల సంగతి తమంతట తాము చెప్పినవాళ్ళు తక్కువ." దరఖాస్తులో రెండు కొట్టేసి ఒకటి వేసి, ఇవ్వవచ్చునని రాసి సంతకం పెట్టాడు. "ఆవిడ సంతకం కూడా కావాలి."

"నా సంతకం ఉంటే కిస్తీ ఆగదు సార్, ఈయన నిద్రే ఆగుతుంది!" అంటూ ఆవిడ సూది పక్కన పెట్టి వచ్చింది.

హుషారుకు నవ్వాలో గంతెయ్యాలో తెలియలేదు. ఎగిరి కొక్కెం అందుకుని సంచి దింపాడు. ఇటుకలు తీసి, దుమ్ము దులిపి, కాగితాలు సర్ది జిప్పు లాగాడు. తనే ఆయన భుజానికి తగిలించాడు.

"గట్టిగా గుంజండి సార్!"

ఆఫీసరు గుంజాడు. కుట్టు కదల్లేదు.