రేష్మా వాళ్లమ్మ చెక్కిన చక్రాలు

2023లో ఉదయగిరి దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతూ, రోబోటిక్స్ ల్యాబు కూడా చూసుకునేదాన్ని. ల్యాబంటే పాత సామాన్ల గదే, పేరు మాత్రం మార్చారు. ఆ ఏడు మా తొమ్మిదో తరగతి ఆడపిల్లలు ముగ్గురు ఆత్మకూరులో జరిగే పోటీకి లైన్ ఫాలోయర్ తయారుచేశారు. నల్లగీతను సెన్సర్‌తో చూసుకుంటూ దానంతటదే నడిచే చిన్న బండి అది. దారిలో ర్యాంప్, అంటే ఏటవాలుగా పెట్టిన చెక్క, ఎక్కి దిగాలి. ఎక్కకపోతే పోటీలోంచి అవుట్.

వారం ముందు ప్లాస్టిక్ చక్రాలు రెండూ పగిలాయి. కొత్తవి తెప్పించే వ్యవధి లేదు.

"మా అమ్మీ చేస్తాది మేడమ్" అంది టీమ్ లీడర్ రేష్మా.

వాళ్లమ్మ ఖాసింబీ ఉదయగిరిలో చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కే మనిషి. రేష్మా కొలత తీసుకుపోయి చక్రాలు తెచ్చింది. నేలకు ఆనే అంచు చుట్టూ సన్నటి పూలతీగ, చేత్తో తాకితే జారిపోయేంత నునుపు. ల్యాబులో బల్ల మీద బండి చక్కగా పరుగెత్తింది. ర్యాంప్ మా దగ్గర లేదు. అదీ ఎక్కుతుందిలే అనుకున్నాం.

ఆత్మకూరులో ట్రయల్‌కి పెడితే, ర్యాంప్ సగంలో చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి, బండి మాత్రం వెనక్కి జారుతోంది. ట్రాక్షన్ లేదు, అంటే చక్రానికి పట్టు చిక్కడం లేదు. రబ్బరు బ్యాండ్లు తొడిగితే నునుపు మీద నిలవక ఊడిపోయాయి. అంచును ఆకురాయితో గీకి గరుకు చేయడం ఒక్కటే దారి. అప్పుడు పూలతీగ పోతుంది.

రేష్మా చక్రాలను గుప్పిట్లో దాచుకుంది. "నేను గీకను మేడమ్. అమ్మీ చూస్తా ఉండాది."

పోటీ చూద్దామని పని మానుకుని వచ్చిన ఖాసింబీ పిల్లల ముఖాలు చూసి లేచి వచ్చింది. "ఏంది మేడమ్, ఏమైనాది?"

చెప్పడానికి నాకే మనసొప్పలేదు. అయినా చెప్పాను.

ఆమె కూతుర్ని కసిరింది. "స్పూనంటే నోట్లో పెట్టేది, అందుకని నున్నగా చేస్తాం. ఇది మెరక ఎక్కే బండి అని నాకు చెప్పినావా? కొలత చేతిలో పెట్టి పోయినావు!"

అంటూనే ఆకురాయి అందుకుని, తన పూలను తానే గీకేసింది. రేష్మా కళ్లు తుడుచుకుంటూనే ఉంది.

గరుకు మీద రబ్బరు బ్యాండ్లు నిలిచాయి. బండి ర్యాంప్ ఎక్కి దిగింది. పై పోటీకి ఎంపికైన జట్లలో చిట్టచివర మా స్కూలు పేరు చదివారు.

ఎవరినైనా పని అడిగేటప్పుడు కొలత ఒక్కటే ఇవ్వకూడదు, అది దేనికో కూడా చెప్పాలి. ఆ రోజు నేను నేర్చుకున్నది ఇది. ఖాసింబీ నేర్చుకున్నదేమిటో తిరుగు బస్సులో తెలిసింది. గీకిన చక్రాన్ని ఆమె వేలితో తడుముతుంటే, "బాధగా ఉందా?" అని అడిగాను.

"ఎందుకు మేడమ్? పై పోటీకి ఇంకో జత చేస్తా. ఈ తూరి పూలు చక్రం పక్క మీద చెక్కుతా, నేలకు తగలని చోట."