బల్లాయన ఎడమచెవి

ఆ రికార్డింగ్ స్టూడియోలో అందరూ ఆయన్ని బల్లాయన అనేవారు. ఇరవై ఆరేళ్లు శబ్దాలు కలిపే ఒకే మిక్సింగ్ బల్ల ముందు కూర్చున్న మనిషికి అంతకంటే సార్థకనామం దొరకదు. మంచం పొడవున్న ఆ బల్ల మీద వందలకొద్దీ మీటలున్నా, ఆయన ప్రాణం మాత్రం కుడి మూలన, అక్షరాలు అరిగిపోయిన ఒక్క బటన్‌లో ఉండేది. దాన్ని మోనో అంటారు. నొక్కితే కుడి ఎడమ శబ్దాలు కలిసిపోయి, హెడ్‌ఫోన్‌లో రెండు చెవులకూ ఒకటే వినిపిస్తుంది. వినేవాడికే సుమా! రికార్డయ్యేదానికి దాని గాలి కూడా సోకదు.

తొమ్మిదేళ్ల కిందట ఆయన ఎడమచెవి చెప్పాపెట్టకుండా ఉద్యోగం మానేసింది. సంగతి ఎరిగినది ఇల్లాలొక్కతే. అప్పటినుంచీ ఆవిడ వీధిలో ఆయనకు కుడిపక్కనే నడుస్తోంది. చీవాట్లు కూడా అటునుంచే. మిగతా లోకం సంగతి మోనో బటన్ చూసుకుంది. ఏ గొంతు ఎటుందో మీట తిరిగిన వైపు చూసి నమ్మేవాడు. ఎలా ఉందో బటన్ నొక్కి కుడిచెవితో వినేవాడు.

స్టూడియో యజమాని స్వయానా బామ్మర్ది. ఓ ఉదయం బల్లను నాలుగు ముక్కలుగా ఊడదీయించి పంపేశాడు.

"ఇక అంతా కంప్యూటర్లోనే బావగారూ."

"మరి నా బటన్ల సంగతి?"

"అందులోనే చేసుకోండి. బల్ల పోతేనేం, బల్లాయన ఉన్నారుగా!"

విశ్వామిత్రుడు పోటీ స్వర్గం కట్టినంత దీక్షగా, పదిరోజులు కూర్చుని కంప్యూటర్లో పాత బల్లను తిరిగి కట్టాడాయన. శబ్దాన్ని ఒక్క దెబ్బతో తగ్గించే మీట, గాజు అవతలి కళాకారులతో మాట్లాడే మీట, చివరగా మోనో.

మొదట వచ్చిన పని ఓ శబ్దనాటకం. అన్నదమ్ముల తగాదా. అన్న ఎడమచెవిలో, తమ్ముడు కుడిచెవిలో అరుచుకోవాలి. మధ్యగోడ శ్రోత తలకాయ. అందులో ఉన్న కళంతా అదే. బల్లాయన మోనో నొక్కి శ్రద్ధగా విని, తృప్తిపడి పంపించాడు.

పాత బల్లలో వినే దారి వేరు, బయటికి పోయే దారి వేరు. కొత్త స్వర్గంలో ఆయన ఆ బటన్‌ని బయటికి పోయే దారికి అడ్డంగా పెట్టాడు. నాటకమంతా మోనోలోనే వెళ్లింది.

మర్నాడు బామ్మర్ది వచ్చాడు.

"అన్నా తమ్ముడూ ఒకరి నెత్తిన ఒకరు కూర్చుని తిట్టుకుంటున్నారట బావగారూ. నాటకంవాళ్లు ఒకటే నవ్వు."

"బటన్ తప్పుచోట పెట్టాను. సరిచేసి పంపిస్తాలే."

"చోటు సంగతి సరే. పంపేముందు విన్నారా?"

"రెండుసార్లు."

"మొదటి మాటకే తెలిసిపోవాలి కదండీ!"

బల్లాయన తెరకేసి తిరిగి, ఆ బటన్‌కి మళ్లీ చోటు వెతకడంలో పడ్డాడు. బామ్మర్ది కుర్చీ వెనకనుంచి ఎడమపక్కకు వచ్చి వంగాడు. ఎదుటి గాజులో అతని పెదవులు కదలడం కనిపించింది.

"అలాగే," అన్నాడు బల్లాయన, ఎందుకైనా మంచిదని.

బామ్మర్ది చుట్టూ తిరిగి కుడిపక్కకు వచ్చాడు.

"'ఎన్నేళ్లయింది బావగారూ' అని అడిగాను. దానికి 'అలాగే' అంటారేమిటి?"

"తొమ్మిది," అన్నాడు బల్లాయన.

బామ్మర్ది మంచివాడు. పొమ్మనలేదు. ముందుగదిలో ఫోనెత్తే ఉద్యోగమిచ్చాడు. దానికి ఒక్క చెవి చాలు.