టీకా మచ్చ చూసే డాక్టరమ్మ

మొన్న మా అక్క మనవరాలికి తోడుగా మారతహళ్ళిలో ఒక చర్మవైద్యుల క్లినిక్‌కు వెళ్ళాను. లోపలి గదిలో లేజర్ పని జరుగుతోంది. తలుపు తెరిచినప్పుడల్లా వెంట్రుక కాలిన వాసన. అది ముక్కుకు తగలగానే నాకు డాక్టర్ సుగుణమ్మగారు గుర్తొచ్చారు. ఎనభైల మొదట్లో గుంటూరు వైపు నుంచి బెంగళూరు వచ్చి, నర్సుగా నేను మొదట చేరింది కాటన్‌పేటలోని ఆమె క్లినిక్‌లోనే.

పుట్టుమచ్చలు, పులిపిర్లు కాల్పించి తీయించుకోవడానికి అక్కడికి వచ్చేవాళ్ళు, అక్కడా ఇదే వాసన. ఇంట్లోనో బ్యూటీ పార్లర్‌లోనో ఏదో ఒకటి చేయించుకుని, అది వికటించాక వచ్చేవాళ్ళే ఎక్కువ. వాళ్ళు ముఖం చూపిస్తుంటే ఆమె మాత్రం భుజం చూపించమనేవారు. మశూచి టీకా మచ్చను వేలితో తడిమి తడిమి చూసేవారు. ఇదేం చోద్యమని ఒకరోజు నాకు నవ్వు ఆగలేదు.

"నవ్వేది ఆపి నువ్వూ తాకి చూడు మేరీ," అన్నారు. "అణిగి ఉంటే సరే. ఉబ్బి గట్టిగా ఉండాదంటే, గాయం మానింది చాలని ఆ ఒంటికి తెలీదు. పెంచుకుంటానే పోతాది. అట్లాంటోళ్ళకి మొగాన కత్తి పెట్టేదెట్లా?"

ఇక నాకు అదే పిచ్చి పట్టుకుంది. సిటీ బస్సులో పక్కన కూర్చున్న ఆడవాళ్ళ భుజాల వంక చూసి చీవాట్లు కూడా తిన్నాను.

ఒకసారి ఒక బట్టల వ్యాపారి భార్య తన కూతురు పద్మను వెంటబెట్టుకొచ్చింది. గడ్డం మీద పుట్టుమచ్చ ఉంటే అత్తగారికి కీడని ఎవరో అన్నారట. పెళ్ళి కుదరగానే మేనత్త సున్నం, చాకలిసోడా కలిపి దాని మీద పెట్టింది. మచ్చ పోయింది గానీ, ఆ చోట శనగగింజంత ఎర్రటి బుడిపె లేచింది.

"వచ్చే నెల పెండ్లి ఉండాది డాక్టరమ్మా. కోసేయండి, పీడ పోతాది," అంది తల్లి.

పద్మ టీకా మచ్చ చింతగింజలా ఉబ్బి ఉంది.

"కోస్తే ఇంకా పెద్దది లేస్తాదమ్మా. సూదిమందుతో అణుగుతాది, నెలలు పడతాది. పూర్తిగా పోతాదని మాటియ్యలేను."

"సంబంధం తప్పిపోతే మాకెవురు దిక్కు?" అని తల్లి ఏడ్చేసింది. నాకెంత జాలి వేసిందంటే, కోసేస్తే ఏం పోయిందనిపించింది.

డాక్టరమ్మ పద్మ వైపు తిరిగారు. "నీకేమైనా బాధగా ఉండాదా?"

ఆ పిల్ల గడ్డం మీద చెయ్యి పెట్టుకుంది. "దురద డాక్టరమ్మా. మంట కూడా. నిద్ర పట్టేది లేదు. ఇంట్లో అందరూ ఎట్ల కనిపిస్తాదో చూస్తారే గానీ..." అంది.

"నాతో చెప్పకూడదా?" అంది తల్లి.

"నువ్వు అడగలేదు కదమ్మా."

తల్లి మళ్ళీ కోత మాట ఎత్తలేదు. మగపెళ్ళివారికి ఉన్నదున్నట్టు చెప్పారు. వాళ్ళు కాస్త గొణిగారు, కానీ పెళ్ళి ఆగలేదు. పద్మ ఆ బుడిపెతోనే పీటల మీద కూర్చుంది. పెళ్ళయ్యాక కూడా సూదిమందుకు వస్తూనే ఉంది. చివరికి బుడిపె అణిగి, ఎర్రటి మరక మిగిలింది. ఆరోజు డాక్టరమ్మ ఆమె చేతికి అద్దం ఇచ్చి, ఎట్లుందో చూసుకోమన్నారు. పద్మ అద్దాన్ని బల్ల మీద బోర్లించి, "నిద్ర బాగా పడతా ఉండాది డాక్టరమ్మా," అంది.

సుగుణమ్మగారు పోయి చాలా ఏళ్ళయింది. నేనూ ఉద్యోగం మానేశాను. అయినా ఎవరైనా ముఖం చూపించి ఎలా ఉందని అడిగితే, ఏమైనా బాధగా ఉందా అని ముందు అడుగుతాను. చాలామంది ముఖం సంగతి వదిలేసి, వచ్చి నా పక్కన కూర్చుంటారు.