గెడ అందించని రోజు

మా రేవులో మునిగిపోయేవాడికి ఎవరూ గెడ అందించరు. అది పడవవాళ్ళ కట్టుబాటు. డాన్యూబు నది ఏటా తన వంతు మనిషిని అడుగుతుందట. దాని నోటికాడి కూడు లాగేస్తే, లాగినవాడి ఇంటిమీదే పడుతుందట. వాల్బుర్గా పిన్ని ఒక్కతే నలభై ఏళ్ళు ఈ కట్టుబాటును కాలదన్ని, దొరికినవాణ్ణల్లా ఒడ్డుకు లాగింది. వరద వచ్చినప్పుడల్లా రేవంతా ఆమెను ఆడిపోసుకునేది. నేను మాత్రం ఒక్క మాట అననూ లేదు, అననివ్వనూ లేదు.

ఆమె మొగుడు లోరెంట్స్‌కు ఏటిమీద తేలే పిండిమర ఉండేది. 1809 మే నెలలో, గద్దెనెక్కాక తాను నడిపిన యుద్ధంలో ఓటమన్నది ఎరగని ఫ్రెంచి చక్రవర్తి, మా రేవుకు ఎగువన పడవల వంతెన కట్టుకుని మా ఒడ్డుకు దిగాడు. మరలకు నిప్పంటించి వరదలో వదిలితే ఆ వంతెన తెగుతుందని మా దండువాళ్ళు అన్నారు.

"మలుపుదాకా చుక్కాని పట్టి దూకేస్తాలేవే. జావ వేడిగా ఉంచు," అని లోరెంట్స్ వెళ్ళాడు.

మండే మర తగిలి వంతెన తెగింది. సాయం అందక అంతటివాడూ తోక ముడిచాడు. మా చర్చి గంటలు రెండు రోజులు మోగాయి. లోరెంట్స్ రాలేదు.

శవం దొరికితేనే చర్చి మట్టిలో పాతడానికి చోటు. అందుకని పిన్ని రొట్టె కాల్చి, అందులో మంత్రించిన కొవ్వొత్తి గుచ్చి ఏట్లో వదిలింది. మునిగినవాడి మీదికి వచ్చి రొట్టె ఆగుతుంది. పొగమంచులో అది పది బారలు పోయి ఆగింది. కొక్కెం వేస్తే ఫ్రెంచివాడు. మళ్ళీ వదిలితే మళ్ళీ ఆగింది. ఈసారి మావాడే, లోరెంట్స్ కాదు.

"ఇది రొట్టె కాదమ్మా, కసాయి కొట్టు ముందు కుక్క. అడుగడుక్కీ ఆగుతోంది," అన్నాడు ముసలి పడవవాడు ఇగ్నాజ్.

ఆరు రోజుల్లో ముప్పై ఒక్కమందిని తీశారు. ఏడో రోజు రొట్టె ఎక్కడా ఆగలేదు. కొంతదూరం పోయి, వెనక్కి తిరిగి, ఎదురు ప్రవాహంలో మెల్లగా మా రేవుకే వచ్చింది. పిన్ని కాళ్ళ ముందు ఆగింది. గాలి వీస్తున్నా కొవ్వొత్తి మంట కదలలేదు.

"కొక్కెం వెయ్యవేం తల్లీ?" అన్నాడు ఇగ్నాజ్.

"ఎవరో తెలుసు మావా. ఆ రోజు మండే దుంగలు రేవుకు తగలకుండా గెడతో తోస్తూ ఇక్కడే నిలబడ్డా. ఒకడు చెయ్యెత్తాడు. మొహమంతా మసి. ఎవడో ఫ్రెంచివాడు, ఏటి వంతు అనుకున్నా."

"అది కట్టుబాటు కదమ్మా."

"పేరు పెట్టి పిలిచాడేమో మావా. ఫిరంగుల మోతలో వినపడలేదు."

ఇగ్నాజే కొక్కెం వేశాడు. లోరెంట్స్ చెయ్యి ఇంకా ఎత్తే ఉంది.

ఆరు వారాలకు చక్రవర్తి మళ్ళీ ఏరు దాటి గెలిచాడు. మా గెలుపు అంతమాత్రమే. పిన్ని ఆ కబురు విని తలెత్తలేదు. అప్పటినుంచి గెడ పట్టుకుని రేవులోనే కూర్చుంది.

లాగిన ప్రతివాడికీ ముందు మొహం కడిగేది. నా ఇరవయ్యో ఏట పడవ తిరగబడితే నన్నూ లాగింది. బురదంతా కడిగి, చాలాసేపు చూసింది.

"పోనీలే," అంది, "నువ్వూ ఎవరికో కావలసినవాడివే."